చెయ్యి ఎత్తమని ఎవరు చెప్పాలి

నా భార్య కమ్లికి రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ చేసి ఇంటికి పంపిన రోజు, కుడి చెయ్యిని రోజూ కొంచెం కొంచెంగా కదిలించాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు. నాకూ చెప్పలేదు. ఆ చెయ్యి భుజం దగ్గర బిగుసుకుపోయింది, తర్వాత వాచింది, ఆ తర్వాత ఆమె ప్రాణం మీదికే వచ్చింది. ఆ మాట చెప్పడానికి ఒక నిమిషం చాలు. అంత పెద్ద దవాఖానలో ఆ నిమిషం ఎవరి దగ్గరా లేకపోయింది.

మాది త్రిపురారం దగ్గర ఒక తండా. నేను బడికి పోలేదు. పశువులు కాసే రోజుల్లో బజ్జీలు కట్టిచ్చిన కాగితాలు, బస్సుల మీది ఊళ్ల పేర్లు కూడబలుక్కుంటూ చదవడం నేర్చాను. ఇప్పుడు డెబ్బై దాటాయి. చదువు అట్లా వచ్చినందుకో ఏమో, ఎవరు ఏ మాటన్నారో నాకు గుర్తుండిపోతుంది. కాలువ నీళ్లు మా చెలకల్లోకి మొదటిసారి వచ్చిన రోజు గట్టు మీద నిలబడి ఏ అధికారి ఏమన్నాడో ఇప్పటికీ చెప్పగలను. కనుక దవాఖానలో ఎవరేమన్నారో, ఎవరేం అనలేదో కూడా చెప్పగలను. ఇంట్లో మేం లంబాడి మాట్లాడుకుంటాం. చదివేవాళ్ల కోసం ఆ మాటలను ఇక్కడ తెలుగులో పెడుతున్నాను. గండం గడిచింది గనక రాయగలుగుతున్నాను. కోపం మాత్రం గడవలేదు.

పోయినేడాది మాఘమాసంలో మొదలైంది. నాట్లు అయిపోయి వచ్చి స్నానం చేస్తుంటే కమ్లి చేతికి గడ్డ తగిలింది. సూర్యాపేటలో చూపిస్తే అక్కడి లేడీ డాక్టరమ్మ చెయ్యి పెట్టి చూసి, నా వైపు చూడకుండా, హైదరాబాద్ పొమ్మంది. హైదరాబాద్‌లో మేం పోయిన పెద్ద దవాఖాన పేరు ఇక్కడ రాయను. పేరు రాస్తే ఆ ఒక్క దవాఖానే చెడ్డదనుకుని మిగతావాళ్లు హాయిగా పడుకుంటారు.

గాజుల సంగతి ముందే చెప్పాలి. మా ఆడవాళ్లలో కమ్లి ఈడువాళ్లు ఇంకా మోచేతి పైనుంచి భుజం దాకా తెల్లగాజులు వేసుకుంటారు. బలియాలు అంటాం. వెనకటికి ఎముకవి ఉండేవి, ఇప్పుడు ప్లాస్టిక్‌వి. మోచేతి పైన గాజులున్నాయంటే ఆ మనిషికి మొగుడున్నాడని అర్థం. వాటిని తీసేది ఒకేసారి, మొగుడు పోయిన రోజున.

ఆపరేషన్ పొద్దున నర్సు కట్టరు పట్టుకుని వచ్చింది.

"గడ్డ కోయమని వచ్చిన బిడ్డా," అంది కమ్లి. "గాజులు కోయమని రాలే."

"గాజులుంటే లోపలికి తీస్కపోరమ్మా."

నేను మధ్యలోకి వచ్చి కమ్లితో అన్నాను. "నేను సావలే, గీడనే ఉన్న. కోయనియ్యి."

"నువ్ జర దూరం నిలబడు," అంది కమ్లి. "నిన్ను సూస్తుంటే ఏడుపొస్తది."

రొమ్ము తీసేస్తారని చెప్పినప్పుడు ఏడవని మనిషి ఆ గాజులకు ఏడ్చింది. ఆ నర్సు మంచిది. వరుసగా టకటకా కోసెయ్యకుండా ఒక్కొక్కటి ఆగి ఆగి కోసింది, ముక్కలన్నీ దూదిగుడ్డలో చుట్టి నా చేతికిచ్చింది. అంత మనసున్న మనిషికి కూడా ఆ చెయ్యి గురించి మాతో చెప్పమని పైవాళ్లు ఎవరూ చెప్పి ఉండరు. అందుకే నా కోపం ఆమె మీద లేదు.

ఇంటికి పంపిన రోజు డాక్టరు పిల్ల డాక్టర్లను వెంటేసుకుని వచ్చాడు. కమ్లి మంచం పక్కన నిలబడి వాళ్లతో ఇంగ్లిష్‌లో చాలాసేపు మాట్లాడాడు. ఆమె ఒంటి గురించే మాట్లాడుతున్నాడని వేలు ఎటు చూపిస్తున్నాడో చూస్తే తెలిసింది. చివర ఆమె వైపు తిరిగి, "అంతా మంచిగ అయిందమ్మా, పోవచ్చు," అన్నాడు. గోళీలు ఏవి ఎప్పుడు వేయాలో కింద మందుల కిటికీ దగ్గర చెప్పారు. కుట్లు తడపొద్దని చెప్పారు. ఆటో ఎక్కడ దొరుకుతుందో గేటు దగ్గర సెక్యూరిటీవాడు చెప్పాడు. చెయ్యి గురించి ఎవరూ నోరు తెరవలేదు.

చెప్పేవాళ్లు చెప్పకపోతే ఇంట్లోవాళ్లు చెప్తారు. కమ్లి అక్క జాని పక్కింట్లోనే ఉంటుంది. తండాలో పురుళ్లకు, చావులకు ముందుండే మనిషి. కమ్లి గడప దాటి లోపలికి రాగానే ఒక మెత్తటి తువ్వాల తెచ్చి చేతిని ఎదకు ఆనించి కట్టేసింది.

"కుట్లు ఊడితే మల్ల పోవాలె హైదరాబాద్‌కు. కదిలిచ్చినవంటే సూడు," అంది.

కమ్లి కదిలించలేదు. కోడిపిల్లను చంకలో దాచుకున్నట్టు ఆ చేతిని దాచుకుని ఎండాకాలమంతా ఉంది. ఎడమ చేత్తో తింది, ఎడమ చేత్తో కట్టుకుంది. తల దువ్వడం జాని పనైంది. కుట్లు మానినాక కూడా చెయ్యి కదిలిస్తే లోపల తాడు లాగినట్టుందని అనేది. నొప్పి ఉన్నచోట కదిలించొద్దని ఎవరికైనా తోస్తుంది. నొప్పి ఉన్నా మెల్లగా కదిలించాలన్నది చదువుకున్నవాళ్లకు తెలిసే సంగతి. వాళ్లు ఆ సంగతి దగ్గర పెట్టుకుని మాకు ఆటో దారి చూపించారు.

పుండు మానగానే జాని సూర్యాపేట పోయి కొత్త గాజులు తెచ్చింది. బోసి చేతితో చెల్లెలు వాకిట్లో కూర్చుంటే చూడలేకపోయింది. కొబ్బరినూనె రాసి, మోచేయి దాటించి, ఒక్కొక్కటే పైకెక్కించింది. చుట్టూ కూర్చున్న ఆడవాళ్లు పాటందుకున్నారు. ఆపరేషన్ తర్వాత కమ్లి నవ్వడం నేను మొదట చూసింది ఆ రోజే. ఆ చేతికి బిగుతుగా ఏదీ ఉండకూడదని మాకు తెలియదు. ఇట్లాంటి గాజులు వేసుకునే మనుషులు ఈ రాష్ట్రంలో ఉన్నారని ఆ దవాఖానకు తెలుసు. వాటిని కోసింది వాళ్లే కదా. మళ్లీ వేయొద్దని ఒక మాట అనడానికి వాళ్లకేం అడ్డొచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ నెలల్లోనే సెలైన్‌లో ఎక్కించే క్యాన్సర్ మందుల కోసం హైదరాబాద్ పోయి వచ్చేవాళ్లం. పోయిన ప్రతిసారీ ఎడమ చేతికే సూది పెట్టారు. కుడి చెయ్యి ముందుకు చాపితే, "ఆ చేతికి కాదమ్మా, ఆపరేషన్ సైడ్ సూది పెట్టం," అనేవాళ్లు. అంటే ఆ చెయ్యి వేరే జాగ్రత్త కోరే చెయ్యని వాళ్లకు తెలుసు. తెలిసి, తమ సూది వరకే చూసుకున్నారు. గాజుల కింద చెయ్యి లావెక్కుతుంటే ఎవరి కంటా పడలేదు. వెయిటింగ్ హాల్లో ఇనప కుర్చీల మీద పొద్దంతా కూర్చునేవాళ్లం. అందరి చూపూ పేరు పిలిచే కిటికీ మీద ఉండేది. ఆ కుర్చీల్లో ఆడవాళ్లు చాలామంది ఒక చెయ్యి ఒడిలో పెట్టుకుని, రెండో చేత్తో దాన్ని పట్టుకుని కూర్చునేవాళ్లు. అది జబ్బు లక్షణమనుకున్నాను. ఎవరూ చెప్పకపోవడం వల్ల వచ్చినదని అప్పుడు తెలియలేదు.

వానలు మొదలైనాక కరెంటు పెట్టడానికి పిలిచారు. రేడియేషన్‌ను మా దిక్కు కరెంటు పెట్టడం అంటారు. జబ్బు మళ్లీ రాకుండా అది పెట్టాల్సిందేనని చెప్పారు. కమ్లిని బల్ల మీద పడుకోబెట్టారు. మిషన్ నడిపేవాడు, "చెయ్యి తల మీదికి పెట్టమ్మా," అన్నాడు.

"లేవది సారూ."

"లేవకుంటే ఎట్ల? ఇన్ని రోజులు ఏం చేసినవ్? ఎక్సర్‌సైజులు చేయలేదా?"

తలుపు దగ్గర నిలబడ్డ నన్ను లోపలికి పిలిచారు. కమ్లి నన్ను చూసింది. ఆ మాట మేమిద్దరం వినడం అదే మొదలు.

"ఏం చేయాలె సార్?" అన్నాను.

"ఆపరేషన్ అయినంక చెయ్యి లేపుడు, దించుడు. రోజు చేయాలె. చెప్తరు కదా."

"ఎవరు చెప్తరు?"

"వార్డుల చెప్తరు."

"మాకు చెప్పలే."

"చెప్పే ఉంటరు పెద్దాయనా, మీరే మర్చిపోయిన్రు."

నేను మర్చిపోయానట. ఆ ఒక్క మాటకు నా ఒళ్లు మండిపోయింది. కమ్లి నా చొక్కా పట్టుకుని లాగకపోతే ఆ గదిలో ఏమయ్యేదో. డాక్టరు వచ్చి చూసి, చెయ్యి తల మీదికి లేస్తేనే కరెంటు పెట్టగలమని, భుజానికి ఫిజియో చేయించుకుని రమ్మని, ఆలస్యమైతే జబ్బు తిరగబెట్టే భయముందని చెప్పాడు. గదిలో నుంచి బయటికొస్తూ కమ్లి అడిగింది: "చెయ్యి లేవకపోతే నేను సస్తనా?"

నేను ఆమె ఎడమ చెయ్యి పట్టుకుని బస్టాండుకు నడిపించాను. బస్సు దిగేదాకా ఆ చెయ్యి వదల్లేదు.

దగ్గరని ముందు మిర్యాలగూడలో ఎముకల డాక్టరుకు చూపించాం. అక్కడి నర్సు బీపీ పట్టీ తెచ్చి ఆ వాచిన చేతికే, గాజులకు కింద ముంజేతి మీద కట్టింది. డాక్టరు ఎక్స్‌రే ఫోటో తీయించి, "వయసు మీద పడ్డది, భుజం పట్టేసింది, రెస్ట్ ఇయ్యాలె," అన్నాడు. ఆపరేషన్ సంగతి నేను రెండుసార్లు చెప్పాను. "అది వేరే, ఇది వేరే," అన్నాడు. రెస్ట్ ఇచ్చాం. ఆయన మాట నమ్మి కొన్ని వారాలు పోగొట్టుకున్నాం. ఆ వారాలు ఎంత విలువైనవో నాకు తెలుసు గనక నిద్ర పట్టేది కాదు.

చివరికి సూర్యాపేటలో, మెడికల్ షాపు మీద ఒక గదిలో ఫిజియో చేసే అమ్మాయి దొరికింది. కోదాడ పిల్ల. బయట నలుగురు ఎదురుచూస్తున్నారు, తొందరలో ఉంది. కమ్లి చెయ్యి చూడగానే ఆ తొందర ఆగిపోయింది.

"ఈ గాజులు ఎవరు వేశారు పెద్దమ్మా?"

"మా అక్క."

"చూడండి, గాజుకీ గాజుకీ మధ్య కండ ఎట్లా ఉబ్బిందో. ముందు ఇవి తీసేసి రండి. ఇవి ఉంటే నేను చెయ్యి పట్టుకోను."

"ఇవి తీయరు బిడ్డా."

"ఎందుకు తీయరు?"

"మా ఆయన బతికే ఉన్నడు."

ఆ పిల్ల నన్ను చూసింది. "మెడల బోర్డు రాసి ఏస్కుంట, బతికే ఉన్ననని," అన్నాను. అమ్మాయి నవ్వింది. కమ్లి నవ్వలేదు.

ఇంటికొచ్చాక జాని వాకిట్లో నిలబడి తండా అంతా వినేటట్టు అడిగింది. "నువ్ గుండురాయి లెక్క బతికుండంగ నా చెల్లెను ముండమోపిని చేస్తవా మరిది?"

"గాజులుంటే కరెంటు లేదు. కరెంటు లేకుంటే నీ చెల్లె లేదు. అప్పుడు ఎవరికేస్తవ్ వదినె, ఈ గాజులు?"

అప్పటిదాకా మంచం మీద కూర్చుని వింటున్న కమ్లి లేచి లోపలికి పోయింది, నూనె సీసా తెచ్చి నా ముందు పెట్టింది.

"రానివి కోయి. కోసేది నువ్వే. ఇంకొకరు ముట్టద్దు," అంది.

కొన్ని నూనెకు జారాయి. పైవి జారలేదు. గాజుకూ చర్మానికీ మధ్య పల్చటి రేకు దూర్చి, ఇనుము కోసే బ్లేడుతో మెల్లగా కోశాను. మొగుడు చచ్చినప్పుడు తీసే గాజులను మొగుడే కూర్చుని కోయడం మా తండాలో ఎవరూ చూసి ఉండరు. చూడలేక ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచిపోయారు. జాని మాత్రం పోలేదు. గోడ వైపు తిరిగి కూర్చుంది. చివరి గాజు తెగినప్పుడు చెయ్యి మీద ఎర్రటి గాట్లు వరసగా కనిపించాయి. కమ్లి వాటిని చూసుకుని, "నువ్ ఉన్నవా?" అంది. "ఉన్న," అన్నాను. "అయితే సరే," అంది.

ఫిజియో పిల్ల గోడకు ఎదురుగా నిలబెట్టి, బల్లి పాకినట్టు వేళ్లను పైకి పాకించమంది. కర్ర పట్టుకుని రెండు చేతులూ కలిపి లేపమంది. చేతికి కిందినుంచి పైకి మెల్లగా నిమరడం నాకు నేర్పింది. కమ్లి ఇంటికి రాగానే కోయకుండా వచ్చిన గాజులను ఒక దారానికి గుచ్చి, గోడకు మేకు కొట్టి వేలాడదీయమంది. వేళ్లు పాకి పాకి ఆ గాజులను అందుకోవాలి. అందితే మేకు ఇంకొంచెం పైకి. నేను కొట్టిన మొదటి మేకు ఆమె ఎద ఎత్తున ఉంది. అది అందుకోవడానికే కళ్లలో నీళ్లు తిరిగాయి.

తీజ్ పండుగ వచ్చింది. ఆడపిల్లలు మొలకల బుట్టలు నెత్తిన పెట్టుకుని తిరుగుతున్నారు, బయట గుండ్రంగా నిలబడి చప్పట్లు కొడుతూ ఆడుతున్నారు. ఏటా ఆ ఆటకు పాట ఎత్తుకునేది కమ్లి. ఈసారి లోపల గోడ ముందు నిలబడి, పాట చెవిన పడుతుంటే పళ్లు బిగించి వేళ్లు పాకించింది. నేను పక్కన నిలబడి, "ఇంకొంచెం," అంటే, "నీ చేతికి రావాలె ఈ నొప్పి, అప్పుడు అను ఇంకొంచెం," అనేది. రోజూ తిట్లు తిన్నాను. ఆ తిట్లు సరైన చోటికి చేరాల్సినవని నాకు తెలుసు. ఆ చోటు హైదరాబాద్‌లో ఉంది. దగ్గర ఉన్నది నేను.

జాని సాయంత్రాలు వచ్చి గడపలో నిలబడేది. లోపలికి వచ్చేది కాదు. ఒకరోజు కమ్లి చెయ్యి గాజుల దాకా పోయి జారిపోతుంటే గడపలోంచే అంది: "నీ మొగుడు గంత పైకి పోలేదే ఇంకా. జరంతనే ఉంది, అందుకో." కమ్లికి నవ్వొచ్చింది. నవ్వులో చెయ్యి జారింది, మళ్లీ పెట్టింది, ఈసారి అందుకుంది. జాని లోపలికొచ్చి మేకు పీకి, నా చేతిలో సుత్తి లాక్కుని, తనే పైన కొట్టింది.

దసరా ముందు కమ్లి చెయ్యి తల మీదికి లేచింది. నిటారుగా కాదు, వంకరగా. అయినా లేచింది. హైదరాబాద్‌లో ఆ బల్ల మీద పడుకుని చెయ్యి పెట్టుకుంది. మిషన్ నడిపేవాడు మమ్మల్ని గుర్తుపట్టలేదు. "గుడ్ అమ్మా," అన్నాడు.

కరెంటు పెట్టించుకునే ఆ వారాల్లోనే ఒకామె కనిపించింది. నడివయసు మనిషి, కోదాడ నుంచి భర్తతో వచ్చింది. కొత్తగా ఆపరేషన్ అయింది. చెయ్యి చున్నీలో చుట్టి ఎదకు కట్టేసుకుంది. కమ్లి నా మోచేతిని పొడిచింది. నేను ఆమె భర్తను అడిగాను.

"చెయ్యి లేపమని చెప్పిన్రా సార్?"

"లేదండీ. కదపొద్దని మా అమ్మగారు కట్టారు."

"డాక్టర్లు?"

"వాళ్లేం చెప్పలేదండీ. బాగుంది, వెళ్లిపోవచ్చన్నారు."

కమ్లి లేచి ఆమెను గోడ దగ్గరికి తీసుకుపోయింది. మాట అక్కరలేకపోయింది. తన వేళ్లు గోడ మీద పెట్టి పాకించి చూపింది. ఆమె చున్నీ విప్పి, భయం భయంగా వేళ్లు పెట్టింది. అంతలో సెక్యూరిటీవాడు వచ్చాడు.

"అమ్మా, గోడకు చేతులు పెట్టొద్దు. కొత్త రంగు."

ఆ గోడ మీద నిశ్శబ్దం పాటించమని బోర్డుంది. చెప్పులు విడవమని బోర్డుంది. ఉమ్మి వేయొద్దని బోర్డుంది. ఆ రోజు నేను ఆ గోడ కింద నిలబడి ఎంత గట్టిగా మాట్లాడానంటే లోపలి డాక్టరు బయటికొచ్చాడు. ఆడవాళ్లకు చెయ్యి సంగతి ఎందుకు చెప్పరని అడిగాను. "సిస్టర్ చెప్పలేదా?" అన్నాడు. సిస్టర్‌ను అడిగితే, "మేము డ్రెస్సింగ్ వరకే, ఫిజియోవాళ్లు చెప్తరు," అంది. ఫిజియో గది వెతుక్కుని పోతే, "డాక్టర్ మా దగ్గరికి రాసి పంపితేనే మేం చూస్తం, మీ కేసు మాకు రాలేదు," అన్నారు. మళ్లీ డాక్టరు దగ్గరికే వచ్చాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, "పెద్దాయనా, మనిషి బతికింది కదా, ఇంకేం కావాలె?" అన్నాడు.

ఆ మాట నాకు చాలామంది చెప్పారు. తండాలో చెప్పారు, బస్సులో చెప్పారు, చుట్టాలు చెప్పారు. బతికింది, నిజమే. జుట్టు తనే దువ్వుకుంటోంది. నీళ్ల బకెట్ ఎత్తలేదు, నాట్లకు పోలేదు, కుడి వైపు తిరిగి పడుకోలేదు. పొద్దున లేవగానే ఆ వాచిన చేతికి బిగుతు తొడుగు ఎక్కించడానికి నేను పక్కనుండాలి. ఆ వాపు ఇక పూర్తిగా పోదట. బతికిన మనిషికి చెయ్యి అక్కరలేదని ఏ డాక్టరు తన భార్యకు చెప్తాడో చూడాలని ఉంది.

ఇది చదివే ఆడవాళ్లకు, వాళ్ల ఇంట్లోవాళ్లకు నేను చెప్పేది ఒకటే. నేను డాక్టరును కాను, నా మాట మీద ఏమీ చేయకండి. కానీ ఆపరేషన్ అయి ఇంటికి వచ్చేముందు మంచం దిగకుండా అడగండి: ఈ చెయ్యి ఎప్పటినుంచి కదిలించాలి, ఎట్లా కదిలించాలి, దీనికి ఏం కట్టకూడదు, ఎర్రబడినా జ్వరమొచ్చినా ఎవరి దగ్గరికి రావాలి. జవాబు చెప్పేదాకా మంచం ఖాళీ చేయకండి. ఖాళీ చేయమని తొందరపెడతారు. చేయకండి. గాజులు వేసుకునే మా ఆడవాళ్లు ఇంకో చేతికి వేసుకోండి. మొగుళ్లు అంతమాత్రాన చావరు. నేను చావలేదు.

కమ్లి కుడిచేతి గాజులు ఇప్పుడు కూడా గోడ మీదే ఉన్నాయి, జాని కొట్టిన ఆఖరి మేకుకు. కింద పాత మేకుల బొక్కలు నిచ్చెనలాగా కనిపిస్తాయి. సున్నం వేసినప్పుడు పూడ్చనివ్వలేదు కమ్లి.

ఈ ఏడాది మొదట్లో ఆ దవాఖాన పెద్దకు ఒక అర్జీ రాశాను. పరిహారం అడగలేదు. ఎవరినీ శిక్షించమనలేదు. ఒకే ప్రశ్న రాశాను: రొమ్ము ఆపరేషన్ అయిన ఆడమనిషిని ఇంటికి పంపేటప్పుడు, చెయ్యి కదిలించాలని ఆమెకు చెప్పాల్సింది మీ దవాఖానలో ఎవరు? జవాబు రాలేదు. మళ్లీ రాశాను. ఫోన్ చేస్తే పంపుతామన్నారు. కమ్లి, "ఇగ ఇడిసిపెట్టు," అంది. విడిచిపెట్టలేదు. స్వయంగా పోయి బయట బెంచీ మీద కూర్చున్నాను, లేవమంటే లేవలేదు. చివరికి వరి కోతలు మొదలైనాక పోస్టులో జవాబు వచ్చింది. ఉన్నదున్నట్టు ఇక్కడ ఎత్తి రాస్తున్నాను.

"మీ అర్జీ అందినది. మీ భార్య గారి చికిత్స విజయవంతంగా పూర్తయినందుకు సంతోషిస్తున్నాము. మీరు అడిగిన విషయమై అన్ని విభాగాలను విచారించగా, సదరు సూచనలు రోగులకు చెప్పే పని మా ఆసుపత్రిలో ఏ ఒక్క ఉద్యోగికీ అప్పగించబడి లేదని తెలియజేయడమైనది."